ఈసారి హాలోవీన్ ఆర్డర్లు సెప్టెంబరు 12 దాకానే

కస్టమర్లందరికీ నమస్కారం.

ముందు విషయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. 2026 హాలోవీన్‌కి కాగితపు గుజ్జు లాంతర్లు, మాస్కులు కావాలంటే సెప్టెంబరు 12, శనివారం రాత్రిలోగా ఆర్డరు పెట్టండి. ఆ తర్వాత ఎంత దగ్గరివాళ్లు అడిగినా తీసుకోను. పెద్ద గుమ్మడి లాంతరు 85 డాలర్ల నుంచి 110 అవుతోంది. చిన్నది 48 దగ్గరే ఉంటుంది. ఫోటో పంపి "అచ్చం ఇలాగే చేసివ్వండి" అనే ఆర్డర్లు ఇక పూర్తిగా మానేస్తున్నాను.

"హాలోవీన్ అక్టోబరు 31న కదా, మధ్యలో ఏడు వారాలు ఏం చేస్తారండీ?" అని ఒకరు వాట్సాప్‌లో అడిగారు. ఆరబెడతానండీ.

కొత్తగా చేరినవాళ్ల కోసం పని ఎలా జరుగుతుందో చెబుతాను. పాత వార్తాపత్రికలు చింపి రాత్రంతా నానబెట్టి, ఉడికించి, మిక్సీ పట్టి, నీళ్లు పిండేస్తే గుజ్జు తయారవుతుంది. అందులో మైదా జిగురు కలుపుతాను. మన ఊళ్లలో గోడలకి సినిమా పోస్టర్లు అంటించేది కూడా ఈ జిగురుతోనే. బూజు పట్టకుండా కొంచెం ఉప్పు, లవంగ నూనె. ఆపైన నానబెట్టి రుబ్బిన మెంతులు. ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. వెదురు చేటలకీ గంపలకీ కాగితపు గుజ్జులో మెంతులు రుబ్బి కలిపి అలకడం మీలో చాలామంది అమ్మమ్మల ఇళ్లలో చూసే ఉంటారు. పట్టు గట్టిగా ఉంటుంది, పురుగు దగ్గరికి రాదు. ఇక్కడి అమెరికన్ కస్టమర్లు లాంతరుని ముక్కు దగ్గర పెట్టుకుని "మేపుల్ సిరప్ వాసనొస్తోందే!" అంటారు. నిజమే. మెంతుల్లోనూ ఆ సిరప్‌లోనూ ఆ వాసననిచ్చే పదార్థం ఒకటే, పేరు సోటోలోన్. వాళ్లకి పాన్‌కేకులు గుర్తొస్తాయి, నాకు ఆవకాయ జాడీ గుర్తొస్తుంది.

బెలూను మీద కాగితపు పట్టీలు పొరలు పొరలుగా అంటించి, ఆ పొరలు గట్టిపడ్డాక పైన గుజ్జుతో ముక్కు, బుగ్గలు, కనుబొమలు తీర్చుతాను. అసలు చిక్కంతా అక్కడే. గుజ్జు పైకి ఆరిపోయినట్టే కనిపిస్తుంది, వేలితో నొక్కినా గట్టిగానే ఉంటుంది, కానీ లోపల తడి ఉంటుంది. ఆ తడి మీద రంగు వేస్తే నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మీ ఇంటికి చేరిన కొన్నాళ్లకి రంగు పొక్కుతుంది, లోపల బూజు మొదలవుతుంది. ఓవెన్‌లో పెట్టొచ్చుగా అంటారు కొందరు. పెడితే పైపొర ముందే బిగుసుకుని పగుళ్లిస్తుంది, ముఖం ఒక పక్కకి వంకరపోతుంది. మేముండేది పెన్సిల్వేనియాలో మెకానిక్స్‌బర్గ్. ఇక్కడి జులై, ఆగస్టు ఉక్కపోత విజయవాడలో పెరిగిన నాకే చిరాకు తెప్పిస్తుంది. కాబట్టి కావలసినవి మూడు: ఫ్యాను, గాలిలో తడి లాగేసే డీహ్యూమిడిఫయర్, ఓపిక. మొదటి రెండూ కరెంటు బిల్లులో కనిపిస్తాయి.

ఇదంతా అయ్యాక సుద్దపొడి, జిగురు కలిపిన పూత, శాండ్ పేపర్, రంగులు, పాతగా కనిపించడానికి పైన పల్చగా ముదురు గోధుమ రంగు, చివర మైనం. కళ్లకీ నోటికీ లోపలివైపు పల్చటి టిష్యూ కాగితం అంటిస్తాను, వెలుగు దానిలోంచి వస్తుంది.

ధర సంగతి కూడా దాచకుండా చెబుతాను. సామానుకి పెద్ద ఖర్చు లేదు. కాగితం ఊరికే వస్తుంది, మైదా చవక. ఖర్చయ్యేది నా సమయమే. ఈ దేశంలో ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, 2009 నుంచి అదే. పెద్ద లాంతరు మీద నాకు గంటకి మిగిలేది ఆ అంకె చుట్టూనే తచ్చాడుతోంది. ఒక పెద్దాయన "హోమ్ డిపోలో 299 డాలర్లకి 12 అడుగుల అస్థిపంజరం వస్తుంటే మీరు 110కి 12 అంగుళాలిస్తారా?" అన్నారు. ఆయన అడిగిన తీరుకి నవ్వొచ్చింది కానీ ప్రశ్న సబబే. 2020లో ఆ ఇంటి సామాన్ల దుకాణంవాళ్లు ఆ అస్థిపంజరాన్ని తెచ్చినప్పుడు ఆ ధరే పెట్టారు, చూస్తూండగానే దేశమంతా పాకిపోయింది. మా వీధిలోనూ ఒకటుంది. క్రిస్మస్‌కి దానికి శాంటా టోపీ పెడతారు. నాకూ అదంటే ఇష్టమే. అడుగుకి ఇంత అని లెక్క చూసుకునేవాళ్లు నిస్సందేహంగా దాన్నే కొనుక్కోండి.

ఈ లాంతర్ల నమూనా నా బుర్రలో పుట్టింది కాదని కూడా తెలియాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందూ, తర్వాతా జర్మనీ నుంచి కాగితపు గుజ్జు లాంతర్లు, బొమ్మలు అమెరికాకి దిగుమతయ్యేవి. మాకు కొంచెం దూరంలోని షిప్పెన్స్‌బర్గ్‌లో బైస్టిల్ అనే కంపెనీ ఉంది. 1900లో మొదలైంది. కాళ్లూ చేతులూ కదిలే అట్ట అస్థిపంజరాలు, మడత విప్పితే తేనెపట్టులా తెరుచుకునే టిష్యూ గుమ్మడికాయలు వాళ్ల సరుకే. ఆ రోజుల్లో లాంతర్లలో నిజం కొవ్వొత్తి వెలిగించేవారు. కాగితపు కళ్లు, కాగితపు నోరు, లోపల మంట! అందుకే మిగిలినవి తక్కువ. కళ్ల కాగితం చెక్కుచెదరకుండా ఉన్న పాత లాంతరు దొరికితే సేకరించేవాళ్లు ఎగబడి కొంటారు.

ఆ గిరాకీ చూసి కొందరు నన్ను అడిగేదొకటుంది: "అడుగున చిన్నగా జర్మనీ అని ముద్ర వేసివ్వండి, పాతదానిలా ఉంటుంది." చెయ్యను. 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద ఏ దేశానిదో రాయాలని నిబంధన పెట్టింది. పాత బొమ్మల మీద ఆ ముద్ర అలా వచ్చింది. ఇప్పుడు నేను దాన్ని వేస్తే, మీరు మంచివాళ్లే అయినా, మీ తర్వాత అది చేతులు మారి ఎక్కడో వందేళ్ల నాటిదని అమ్ముడవుతుంది. నా ప్రతి లాంతరు అడుగునా నా సంతకం, చేసిన సంవత్సరం ఉంటాయి. అవి తుడిచేసి ఇమ్మని అడక్కండి.

ఫోటో ఆర్డర్లు ఎందుకు మానేశానో కూడా ఇక్కడే చెబుతాను. వచ్చే ఫోటోల్లో సగం ఇంకో కళాకారుడు చేసినవి. ఆయన్ని కాదని అదే ముఖం నేను చేసి తక్కువకి ఇవ్వడం నాకు కుదరదు. మిగతావి ఏఐ బొమ్మలు. వాటిలో గుమ్మడికాయ గోడలోంచే వెలుగొస్తుంది. అంగుళం మందం గుజ్జులోంచి వెలుగెలా వస్తుందండీ? కావాలంటే మాటల్లో చెప్పండి. "కోపంగా ఉండాలి, పళ్లు ఊడి ఉండాలి, మా అబ్బాయి భయపడకూడదు" అని ఒకావిడ రాశారు. ఆర్డరంటే అలా ఉండాలి.

ఇక మన షాపులో సరుకు పెట్టే మిగతా కళాకారుల సంగతి. వాళ్ల వస్తువు అమ్మితే నేను 30 శాతం తీసుకుంటాను, ఆ వాటా మారలేదు. ఎర్రమట్టి కుండల పని చేసేది లాంకాస్టర్ వైపు ఉండే ఒకావిడ. ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డ జర్మన్ కుటుంబాల నాటి నుంచీ ఇక్కడ ఆ పని ఉంది. ఈసారి ఆవిడ కప్పులే చేస్తున్నారు, దెయ్యం ముఖం ఉన్న పెద్ద జాడీలు లేవు. కాగితం కత్తిరించి గబ్బిలాలు, పాడుబడ్డ ఇళ్లు చేసేదీ అదే సంప్రదాయంలో పెరిగిన ఒకాయన. ఆ కళని షేరెన్‌ష్నిట్టె అంటారు. ఒకే కాగితం, ఒకే కత్తెర, ఎక్కడా అతుకు ఉండదు. ఆయన పని ఏడాదంతా దొరుకుతుంది.

మూడోది పుర్రె బొమ్మలు చేసే మెక్సికన్ జంట. వీళ్ల వస్తువులు ఇకపై హాలోవీన్ అరలో కనిపించవు, విడిగా పెట్టాను. నవంబరు 1, 2 తేదీల్లో వాళ్లు పోయినవాళ్లని తలుచుకుంటారు. ఇంట్లో ఫోటోలు పెట్టి, బంతిపూలు పరిచి, ఇష్టమైన వంటలు వడ్డిస్తారు. "మావి భయపెట్టడానికి చేసినవి కావు" అని వాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. పెద్దలకి ఇష్టమైనవి వండి పెట్టే మనకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదనుకుంటా. అన్నట్టు, మన గుమ్మాలకి కట్టే బంతి పుట్టిందీ మెక్సికోలోనే.

తెలుగు సరుకు గురించి అడుగుతున్నారు. "ఓ స్త్రీ రేపు రా" చెక్క పలక మళ్లీ వచ్చింది, 22 డాలర్లు. ఒకప్పుడు ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద రాసుకున్న ఆ మాటని నేను సరదాగా ఒక పలక మీద రాశాను. ఇప్పుడు ఇల్లు నడిపేది అదే. లాంతర్లకంటే ఎక్కువ అమ్ముడవుతోంది, చెయ్యడం తేలిక, ఆరడానికి ఒక పూట చాలు. గడువు దీనికి వర్తించదు, అక్టోబరు మధ్య దాకా తీసుకోవచ్చు. చెట్టుకి తలకిందులుగా వేలాడే బేతాళుడు కూడా ఉన్నాడు. కొరివి దెయ్యం లాంతరు ఈసారికి లేదు. గుడ్లగూబలు మాత్రం అమెరికన్ కస్టమర్లకే పోతాయి. మనవాళ్లు చేతిలోకి తీసుకుని "బావుందండీ, కానీ మా అత్తగారు ఊరుకోరు" అని మళ్లీ అరలో పెట్టేస్తారు. అందుకే ఆర్డరు మీదే చేస్తాను.

ఈ ఏడాది హాలోవీన్ శనివారం పడింది, ఆ పై వారం ఆదివారం, నవంబరు 8న దీపావళి. 2024లో రెండూ ఒకే రోజు వచ్చినప్పటి నుంచి "లాంతరులో ప్రమిద పెట్టుకోవచ్చా?" అనే ప్రశ్న వస్తూనే ఉంది. వద్దు. కొవ్వొత్తీ వద్దు, అగరుబత్తీ వద్దు. ఎంత రంగు వేసినా అది కాగితమే. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ దీపం లాంతరుతో పాటే ఇస్తున్నాను, అదే వాడండి. వర్షానికి బయట పెట్టకండి, పోర్చ్ కప్పు కింద ఫర్వాలేదు.

పండగ అయ్యాక బేస్‌మెంట్‌లోనో గరాజ్‌లోనో పడేయకండి, అక్కడ చెమ్మ ఉంటుంది. ఇంట్లో క్లాజెట్ పై అర మంచిది. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టొద్దు, పాత కాటన్ చీర ముక్కలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. ముక్కు మెత్తబడినా, చెవి విరిగినా నాకు పంపండి. బాగుచేసినందుకు డబ్బులు తీసుకోను, పోస్టు ఖర్చు మీది. కాకపోతే ఆ రిపేర్లు జనవరి తర్వాతే చూస్తాను.

ఆర్డర్లు ఎప్పటిలాగే మెసేజ్‌లో పెట్టండి. సగం అడ్వాన్సు, మిగతాది వస్తువు ఫోటో చూశాక. హారిస్‌బర్గ్ చుట్టుపక్కల వాళ్లు ఇంటికొచ్చి తీసుకెళ్లొచ్చు, శనివారాలు మాత్రమే. వచ్చేటప్పుడు పాత వార్తాపత్రికలుంటే ఓ కట్ట పట్టుకురండి. నున్నటి మ్యాగజైన్ కాగితం పనికిరాదు.