నీ బంతి మొక్క తల తుంచు బిడ్డా

హనుమకొండ
శ్రావణ మాసం

బిడ్డా,

నిన్న నువ్వు పంపిన బంతి మొక్క ఫోటో చూసినప్పటి నుంచి మనసు ఆగుత లేదు. ఫోన్‌లో చెబితే "సరే అమ్మా, సరే" అంటూ ఆఫీసుకు ఉరుకుతావు. అందుకే రాసి పంపుతున్నా.

జానెడున్నర ఎత్తు, ఒక్కటే కాడ, కొసకు చిన్న మొగ్గ. దాన్ని చూసి ఎంత సంబరపడ్డావో నీ గొంతులోనే తెలిసింది. అయినా ఆ మొగ్గను తుంచెయ్యి. కొసన ఉన్న లేత చిగురుతో సహా బొటనవేలి గోరుతో టక్కున గిల్లు. కొద్ది రోజులకే కింది ఆకుల సందుల్లోంచి కొమ్మలు మొదలవుతాయి. పూత పది, పదిహేను రోజులు వెనక్కి పోతుంది కాబట్టి ఇప్పుడే చెయ్యాలి, భాద్రపదం దాకా ఆగితే బతుకమ్మకు అందవు. పెళ్లయిన కొత్తలో నాకూ చెయ్యి రాలేదు. మీ నాయినమ్మ నా చెయ్యి పట్టుకొని మరీ గిల్లించింది. ఆ ఘాటు వాసన సాయంత్రం దాకా వేళ్లకు ఉండె. ఆ ఏడు ఒక్కో చెట్టు గంపంత గుబురైంది.

బలానికి ఏం వెయ్యాలని అడిగినవు. పశువుల ఎరువు బాగా మాగింది దొరికితే గుప్పెడు చాలు. యూరియా జోలికి పోకు. రెండేళ్ల కింద పండుగకు అందాలని టెన్షన్ పడి, ఇంత యూరియా చల్లిన. చెట్లు నడుమెత్తు పెరిగినయి, ఆకు నల్లగా నిగనిగలాడింది, సద్దుల బతుకమ్మ నాటికి ఒక్క పువ్వు లేదు. నత్రజని ఎక్కువైతే అంతా ఆకులకే పోతుంది. ఇంటి ముందర అన్ని చెట్లు పెట్టుకొని బజారులో పూలు కొనుక్కొచ్చిన. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

కుండీని ఎండ ఆరు గంటలైనా పడే మూలకు జరుపు. మీ పుణె వానలకు కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలుస్తయి, ఆ పళ్లెం తీసెయ్యి. బంతికి దాహం కంటే వేరు కుళ్లుడే ఎక్కువ ప్రమాదం.

వానలు తగ్గినాక ఆకు తిప్పి చూస్తుండు. ఆకు మీద సన్నని పసుపు చుక్కలు, అడుగున ఎర్రటి నలుసులు, సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది ఎర్రనల్లి. లీటరు నీళ్లలో ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేటట్టు కొట్టు.

తంగేడు, గునుగు చెలకల్లో వాటంతట అవే పూస్తయి. అవి అక్కడ నీకు దొరకవు, బంతి మాత్రం నీ చేతిలో ఉంది. మొదటిసారి మా దగ్గర లేకుండా బతుకమ్మ పేరుస్తున్నవు. అందులో ఒక్క వరుసైనా నువ్వు పెంచిన పూలు ఉండాలని నా ఆశ.

ఒకటి రెండు పూలు కొయ్యకుండా చెట్టు మీదే ఎండనియ్యి. లోపల నల్లటి సన్నని గింజలు, కొసన గడ్డిపోచ రంగు తోకలతో ఉంటయి. బట్టలో మూట కట్టి పెట్టుకో. నేను నీకిచ్చినవి కూడా అట్ల దాచినవే, నాటు బంతి కాబట్టి మళ్లీ అదే పువ్వు వస్తది.

గునుగు, తంగేడు బాపుతో పంపుతా. తుంచినాక ఫోటో పెట్టు.

అమ్మ