ఎదురింటి నర్సమ్మకు మా కుటుంబం కృతజ్ఞతలు

కర్నూలు పాతబస్తీలో మా ఎదురింటి మేడ మీద అద్దెకుంటూ నర్సుగా పనిచేస్తున్న నర్సమ్మకు, అసలు పేరు వ్రాయడం ఆమెకు నచ్చదు కనుక పేరు లేకుండానే, మా కుటుంబమంతా నమస్కరిస్తున్నాము.

మొన్నటి చలికాలంలో ఒక వేకువన, స్నానాలగదిలో గ్యాస్ గీజరు వెలుగుతుండగా, తమ్ముడు విదేశం నుండి తెచ్చి గోడకు బిగించిన కార్బన్ మోనాక్సైడ్ (గ్యాస్ సరిగా మండనప్పుడు పుట్టే విషవాయువు) అలారం నాలుగేసి కూతలుగా మోగసాగింది. రాత్రి డ్యూటీ ముగించుకొని వస్తున్న ఆమె ఆ మోత విని, "ముందు అందరూ బయటికి రండి, వెతకడాలు తర్వాత" అని వాకిట్లో నుంచే కేకవేసి, తలనొప్పితో తూలుతూ గడప దాటిన మా అమ్మను భుజాన ఆనించుకొని ఎదుటి అరుగు మీద కూర్చోబెట్టారు. మనుషులను లెక్కపెట్టి, ఫోను కోసం లోపలికి వెళ్లబోయిన నన్ను చేయి పట్టి ఆపి, తన ఫోనుతోనే 108కు, 101కు కబురు చేశారు.

రంగూ వాసనా లేని ఈ కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. వేలికి తగిలించి రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సీమీటరు, హిమోగ్లోబిన్‌కు అంటుకున్నది ఆక్సిజనో ఈ వాయువో పోల్చుకోజాలదు. అందుకే అందులో అంకె బాగానే కనిపించినా ఆమె ఊరుకోక, అంబులెన్సులో అమ్మ వెంట వచ్చి, ఆక్సిజన్ మాస్కు పెట్టించి, రక్తపరీక్ష అవసరమని వైద్యునికి వివరించారు. రాత్రంతా మేలుకొన్న మనిషి, వెళ్లి నిద్రపొమ్మని ఎంత బతిమాలినా అమ్మ చెయ్యి వదలలేదు. నాకు అన్నిటికంటే పెద్దది అదే.

అమ్మ పూర్తిగా కోలుకున్నది. గీజరును తీయించివేశాము. నర్సమ్మా, మీకు సెలవు దొరికిన రోజున ఉగ్గాని, బజ్జీ చేసి పెడతానని, తప్పక మా ఇంటికి రావాలని అమ్మ మిమ్మల్ని కోరుతున్నది.