టీకా పంపితే సరిపోదు, లెక్క కట్టేవాళ్లూ అక్కడే తయారవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

జీఎస్‌కే నుంచి (బ్రిటన్ మందుల కంపెనీ) మన హైదరాబాద్ భారత్ బయోటెక్ చేతికి వస్తున్న మలేరియా టీకా ధర 2028 నాటికి డోసుకు 5 డాలర్ల లోపుకు దిగుతుందని 2025 జూన్‌లో ఆ రెండు సంస్థలూ ప్రకటించాయి. ఆ వార్త చదివి గర్వపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఇలాంటి వార్తలు ఎప్పుడూ ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి ఆగిపోతాయి. ఆ టీకా నాలుగు డోసులు వేయాలి. మొదటి డోసు అయిదో నెలలో మొదలవుతుంది, చివరిది రెండో ఏట పడుతుంది. వానలు పడే కొద్ది నెలల్లోనే మలేరియా విరుచుకుపడే మాలి, బుర్కినా ఫాసో లాంటి చోట్ల పిల్లల వయసు చూసి వేయాలా, ఏటా వానలకు ముందు వేయాలా? డోసులు అందరికీ చాలనప్పుడు ఏ జిల్లాకు ముందు పంపాలి? ఈ ప్రశ్నలకు జవాబు కంపెనీ దగ్గర ఉండదు. లెక్క కట్టి చెప్పేవాళ్లు కావాలి. వాళ్లు ఆ దేశపు మనుషులే అయి ఉండాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. మధ్యలో కొన్నేళ్లు ఇథియోపియాలోని జిమ్మాలో పాఠాలు చెప్పాను. అప్పట్లో మన తెలుగు అధ్యాపకులు ఆ దేశంలో చాలామందే ఉండేవారు.

అక్కడ నా క్లాసులో నర్సు ఉద్యోగం చేసి వచ్చిన అబ్బాయి ఒకడు ఉండేవాడు. ప్రాజెక్టు కోసం తన పాత ఆరోగ్య కేంద్రం రిజిస్టరు నుంచి తట్టు కేసులన్నీ నోటుబుక్కులో ఎక్కించుకుని వచ్చాడు. నెలవారీ గ్రాఫు గీస్తే ఏటా ఒకేచోట గీత నిట్టనిలువునా పడిపోతోంది. ఆ చుక్క పక్కన ముందే ఎర్ర పెన్నుతో ‘పగుమే’ అని రాసిపెట్టాడు. ఇథియోపియా క్యాలెండరుకు పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యేసి రోజులు, పదమూడోదైన పగుమేకి అయిదో ఆరో రోజులు. వాళ్ల సంవత్సరం మన సెప్టెంబరులో మొదలవుతుంది, అంకె కూడా మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. ఈ సంగతి తెలియని మనిషి ఆ గ్రాఫు చూస్తే జబ్బు తగ్గిందనుకుంటాడు. రెండో పేజీలో ఆ అబ్బాయి ఇంకో మాట రాశాడు. కాఫీ కోతల నెలల్లో తల్లులు తోటల్లో ఉంటారు, టీకా రోజున రారు; అదే సమయంలో పక్క జిల్లాల నుంచి కూలీలు పిల్లలతో దిగుతారు, వాళ్ల పేర్లు ఈ ఊరి రిజిస్టరులో ఉండవు. అంటే ఆ నెలల్లో నూటికి ఎంతమందికి టీకా పడిందన్న లెక్కలో పైన ఉన్న అంకె తప్పే, కింద ఉన్న అంకె తప్పే. లండన్‌లో కూర్చున్న మేధావికి ఈ రెండు వాక్యాలు ఎవరు చెబుతారు?

గణితం ఇందులో ఏం చేస్తుందో రుబెల్లాతో చెబితే సులువుగా తెలుస్తుంది. పిల్లలకు వస్తే రుబెల్లా చిన్న జ్వరం, ఒంటి మీద దద్దు, అంతే. గర్భిణికి మొదటి నెలల్లో సోకితే మాత్రం బిడ్డ గుండె లోపంతోనో, కంట్లో శుక్లంతోనో, చెవుడుతోనో పుట్టే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు కొంతమంది పిల్లలకైనా టీకా వేయడం మంచిదేగా అని ఎవరికైనా అనిపిస్తుంది. సగం సగంగా వేస్తే వైరస్ తిరగడం తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు. టీకా పడని ఆడపిల్లలు చిన్నప్పుడు ఆ జబ్బు తగలకుండానే పెద్దవాళ్లవుతారు, తీరా కడుపుతో ఉన్నప్పుడు తగులుతుంది. గ్రీసులో 1970లలో టీకా మొదలుపెట్టి చాలా ఏళ్లపాటు తక్కువమందికే వేశారు. 1993లో రుబెల్లా చెలరేగి, లోపాలతో పుట్టిన పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. అందుకే నూటికి కనీసం ఎనభై మంది పిల్లలకు టీకా అందించగలమన్న భరోసా ఉన్నాకే రుబెల్లా టీకా మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 దాకా ఆఫ్రికా దేశాలకు చెబుతూ వచ్చింది. మంచి మనసుతో వేసిన టీకాయే చెడు చేయగలదని ముందుగా పసిగట్టేది ఈ లెక్కే. ఆ ఎనభై అంకె మీద నమ్మకం కుదరాలంటే దేశంలో ఎంతమంది పిల్లలున్నారో తెలియాలి. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో చివరి జనగణన 1984లో జరిగింది, నైజీరియాలో 2006లో. మనకూ 2011 లెక్కల మీదే ఇన్నేళ్లు బండి నడిచింది కాబట్టి ఆ ఇబ్బంది మనకు తెలియనిది కాదు.

అక్కడివాళ్లే లెక్క కడితే ఎలా ఉంటుందో కెన్యా చూపించింది. న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకాను కెన్యా 2011లో మొదలుపెట్టింది. ఖర్చులో పెద్ద భాగం, పేద దేశాలకు టీకాలు కొనడంలో సాయపడే అంతర్జాతీయ సంస్థ గవీ భరించింది. దేశం ఆదాయం పెరిగేకొద్దీ ఆ సాయం తగ్గుతుంది, ఒకరోజు ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంత ఖరీదైన టీకా మన డబ్బుతో కొనాలా, మానేయాలా? తీర ప్రాంతంలోని కిలిఫీలో ఉన్న పరిశోధనా కేంద్రానికి చెందిన జాన్ ఓజల్ బృందం ఈ ప్రశ్న మీదే పనిచేసి 2019లో ఫలితం ప్రచురించింది. ఎంతమంది పిల్లల ముక్కు, గొంతులో ఆ బ్యాక్టీరియా ఉందో కిలిఫీలో ఏళ్ల తరబడి చేసిన సర్వేల ఆధారంగా మోడల్, అంటే జబ్బు ఎలా వ్యాపిస్తుందో అంచనా కట్టే గణితం, తయారుచేశారు. టీకా ఆపితే జబ్బు తిరిగొస్తుందని, సొంత డబ్బు పెట్టి కొనసాగించినా కెన్యాకు గిట్టుబాటేనని తేల్చారు. ప్రశ్న కెన్యాది, సమాచారం కెన్యాది, ముందు నిలబడి లెక్క కట్టిందీ కెన్యా మనిషే. ఇలాంటివాళ్లు ప్రతి దేశంలో ఉండాలి.

ఇప్పటిదాకా ఎక్కువగా జరిగింది ఇందుకు తలకిందులుగా ఉంది. టీకాల వల్ల పేద దేశాల్లో ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో అంచనా వేసే పరిశోధకుల కూటమి (కన్సార్షియం) 2016లో ఏర్పడింది, దాని కార్యాలయం లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో ఉంది. వాళ్ల పనిని నేను తక్కువ చేయడం లేదు. కానీ వాళ్ల అంచనా అడిస్ అబాబాలో మంత్రి బల్ల మీదికి వచ్చాక, ‘ఈ అంకె ఎందుకిలా ఉంది, ఈ ఊహ మార్చితే ఏమవుతుంది’ అని అడిగితే జవాబు చెప్పే మనిషి అదే భవనంలో ఉండాలి కదా.

దక్షిణాఫ్రికా ఆ దారిలో చాలా ముందుకు వెళ్లింది. కేప్‌టౌన్ దగ్గర ముయిజెన్‌బర్గ్‌లో 2003లో భౌతిక శాస్త్రవేత్త నీల్ టురోక్ చొరవతో గణిత శాస్త్రాల సంస్థ ‘ఎయిమ్స్’ (మన ఢిల్లీ ఆసుపత్రి కాదు) మొదలై, తర్వాత సెనెగల్, ఘనా, కామెరూన్, రువాండాలకూ విస్తరించింది. స్టెలెన్‌బాష్‌లో అంటువ్యాధుల మోడలింగ్ కోసమే ‘సాసెమా’ కేంద్రం వచ్చింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో షీతల్ సిలాల్ నడుపుతున్న ‘మాషా’ కేంద్రంలో ఆఫ్రికా దేశాల యువకులు ప్రభుత్వాలకు పనికొచ్చే మోడళ్లు కట్టడం నేర్చుకుంటున్నారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి అంచనాలు ఇచ్చిన జాతీయ బృందంలో ఈ రెండు కేంద్రాలూ ఉన్నాయి. బయటివాళ్ల కోసం చూడకుండా వారాల్లో పని మొదలుపెట్టగలిగారంటే, మనుషులు అంతకుముందే తయారై ఉండటం వల్లే.

శిక్షణ అనగానే రెండు వారాల వర్క్‌షాపు, ఫోటో, సర్టిఫికెట్ అనుకునే అలవాటు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. దానివల్ల ఏమీ ఒరగదు. సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న నర్సు తన ఊరికి తిరిగి వెళ్లేసరికి ఆమె కోసం ఆరోగ్య శాఖలో ఒక కుర్చీ, నెలనెలా జీతం, రిజిస్టర్లు తెప్పించుకునే అధికారం ఉండాలి. దాదాపు ప్రతి దేశంలో టీకాల మీద ప్రభుత్వానికి సలహా చెప్పే నిపుణుల కమిటీ ఉంటుంది. ఆ కమిటీ ఎదుట నిలబడి మాట్లాడటం కూడా పాఠంలో భాగం కావాలి. మంత్రులు ఒకే అంకె అడుగుతారు. మోడల్ ఒక అంకె చెప్పదు, ఇంత నుంచి ఇంత దాకా అని చెబుతుంది. ఆ మాట నీళ్లు నమలకుండా చెప్పి, దాని మీద నిర్ణయం తీసుకునేలా ఒప్పించడం సమీకరణం రాయడం కంటే కష్టం. నా మటుకు నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇది ఇప్పుడే ఎందుకంటే డబ్బు తగ్గిపోతోంది. 2025 జూన్‌లో గవీ అయిదేళ్ల కోసం 1,190 కోట్ల డాలర్లు అడిగితే 900 కోట్లకు కాస్త పైగా హామీలు వచ్చాయి. అమెరికా చేయి వెనక్కి తీసుకుంది. చాలా దేశాలకు పిల్లల టీకాల లెక్కలు ఇచ్చే డీహెచ్ఎస్ సర్వేలు కూడా అదే ఏడాది స్తంభించాయి. అన్ని టీకాలూ కొనలేని దేశం ఏది ఉంచుకోవాలో, ఏది వాయిదా వేయాలో ఎంచుకోక తప్పదు.

డబ్బుకే కాదు, టీకాలకూ కొరత ఉంది; అందులో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది. నోటి ద్వారా ఇచ్చే కలరా టీకా షాన్‌కాల్ హైదరాబాద్‌లోనే తయారయ్యేది. 2023 నాటికి ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ దాని తయారీ ఆపేసింది. ప్రపంచంలో నిల్వలు అప్పటికే అడుగంటి, 2022 అక్టోబరు నుంచి రెండు డోసుల బదులు ఒక్క డోసుతో సరిపెడుతున్నారు. ఆ రోజుల్లోనే మలావీలో కలరాకు 1,700 మందికి పైగా చనిపోయారు. ఉన్న డోసులు ఏ ఊళ్లకు పంపితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయన్నది అక్కడ చావుబతుకుల లెక్క.

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్, పదేళ్ల తర్వాత మారిషస్ వెళ్లి, దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే చాలని లెక్క కట్టాడు. మలేరియా మోడలింగ్‌కు అదే మొదలు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనాన్ని చూపించి మురిసిపోయే మనం ఆ చదువును మాత్రం మన స్టాటిస్టిక్స్ విద్యార్థులకు సరిగా చెప్పడం లేదు. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు అంటువ్యాధుల మోడలింగ్‌ను ఎమ్మెస్సీలో పూర్తి పేపరుగా పెట్టాలి. మిత్రదేశాల ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఐటెక్ పథకం 1964 నుంచి నడుస్తోంది, హైదరాబాద్ సంస్థల్లో దాని కోర్సులు జరుగుతూనే ఉన్నాయి. అందులో ఆఫ్రికా ఆరోగ్య శాఖల ఉద్యోగులకు కొన్ని సీట్లు, కనీసం ఏడాది కాలానికి కేటాయించాలి. పాఠాలు చెప్పడానికి కేప్‌టౌన్, కిలిఫీ నుంచి అధ్యాపకులను పిలవాలి, మన పిల్లలూ వాళ్ల పక్కన కూర్చోవాలి. ఒక్క షరతు: ఈ చదువుకు టీకా కంపెనీల డబ్బు తీసుకోకూడదు. టీకా కొనాలా వద్దా అని తేల్చాల్సిన మనిషి జీతం ఆ టీకా అమ్మేవాళ్ల నుంచి రాకూడదు.

తమరికి నా విన్నపం ఒకటే. మలావీలో 28 వేల మందికి పైగా పిల్లలతో చేసిన పరీక్షలో హైదరాబాద్ టైఫాయిడ్ టీకా నెగ్గింది, 2023లో ఆ దేశమంతటా వేశారు. ఈసారి అలాంటి ఎగుమతి వార్త వచ్చినప్పుడు ఆ దేశపు టీకా కమిటీలో ఒకరికి ఫోన్ చేయించండి. ఏ లెక్క చూసి ఒప్పుకున్నారో, ఆ లెక్క ఎవరు కట్టారో అడిగి, వాళ్ల జవాబు వార్త పక్కనే వేయండి.

ఇట్లు,
విశ్రాంత స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు, గుంటూరు