పాచిక నేనే తడిమి చూసుకుంటాను

ఎడిటర్ గారికి నమస్కారం.

కుర్రాళ్లు మళ్లీ బోర్డు గేముల వైపు వస్తున్నారని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం మా అక్క చదివి వినిపించింది. సంతోషం వేసింది. కానీ అంత పెద్ద వ్యాసంలో నాలాంటివాళ్ల ఊసు ఒక్క వాక్యం కూడా లేదు, అందుకే ఈ ఉత్తరం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ హాస్టల్లో ఫ్రెండ్స్ పరిచయం చేసిన ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటలంటే మాత్రం ప్రాణం.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటలకు ఊపొచ్చింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "గుహ ముందుకొచ్చారు, లోపల్నుంచి గురక వినిపిస్తోంది, ఏం చేస్తారు?" అని అడిగితే మనం చేసేది నోటితో చెప్పాలి, అది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథ చిన్నప్పుడు విన్నాం కదా, ఆ కథలోకి మనమే దూరి రాజకుమారుడు ఎటు వెళ్లాలో మనమే తేల్చినట్టు ఉంటుంది. మొత్తం మాటల మీద నడిచే ఆట, చెవులూ ఊహా ఉంటే చాలు, చూపు లేనివాళ్లకు ఇంతకంటే సరిపోయే ఆట నాకైతే కనపడలేదు. అయినా మేం పక్కనే కూర్చోవాల్సి వస్తోందంటే కారణం కథ కాదు, పెట్టెలో ఉన్న వస్తువులు.

పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక గేమ్ కేఫ్‌కి వెళ్లాం. అక్కడి అబ్బాయి చాలా మర్యాదగా, "మీరు కూర్చోండి అన్నా, మీ బదులు పాచిక మేం వేస్తాం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, కాదనను. కానీ మూడు గంటల ఆటలో పాచిక నా చేతికి ఒక్కసారి కూడా రాలేదు. రాక్షసుడు మీదికొస్తున్నాడు, బతుకుతానో చస్తానో తేలే క్షణం, అప్పుడు ఎవరో వేసి, ఎవరో చూసి, "మూడు పడిందన్నా" అంటే ఆ టెన్షన్ నాది ఎలా అవుతుంది? పాత్రలు ఎక్కడున్నాయో చూపించే మ్యాప్ దగ్గరైతే "నువ్వు ఇక్కడున్నావ్, వాళ్లు అక్కడున్నారు" అని వేలు పెట్టి చూపించారు. ఇక్కడ అంటే ఎక్కడో నాకు చివరిదాకా తెలియలేదు.

పాచికకు బ్రెయిలీ చుక్కలు పెడితే అయిపోతుంది కదా అంటారు. అవ్వదండీ. ఈ ఆటల్లో 20 ముఖాల పాచిక ఉంటుంది, ఒక్కో ముఖం వేలి కొన అంత కూడా ఉండదు. పైగా బ్రెయిలీలో 4, 6, 8, 0 నాలుగూ మూడేసి చుక్కలే, చతురస్రం నాలుగు మూలల్లో ఖాళీగా ఉండే మూల ఒక్కటే మారుతుంది. కాగితం మీద ఇబ్బంది లేదు, కానీ పాచిక ఎటు తిరిగి ఆగిందో తెలియదు కాబట్టి 4 కాస్తా 6 అయిపోతుంది, 5 కాస్తా 9 అయిపోతుంది. అంకె కింద ఒక గీత ఉబ్బెత్తుగా ఇస్తే ఏది కింద వైపో వేలికి తెలుస్తుంది. పాచిక సైజు పెంచాలి, బరువుగా ఉండాలి, గుడ్డ పరిచిన పళ్లెంలో వేయాలి, లేకపోతే చదవడానికి తాకగానే దొర్లిపోతుంది. అమెరికాలో డాట్స్ ఆర్‌పీజీ ప్రాజెక్ట్ వాళ్లు బ్రెయిలీ పాచికలు తయారు చేస్తున్నారు, 3డి ప్రింటర్ ఉంటే ఇలాంటివి మన ఊళ్లోనూ తీసుకోవచ్చు. ఫోన్‌ని అడిగితే అంకె చెప్తుంది, నిజమే, కానీ పాచికను గుప్పిట్లో గలగలలాడించి విసరడంలో ఉన్న మజా ఫోన్‌లో లేదు.

అసలు మన పాత ఆటలు చూడండి. అష్టాచెమ్మాలో గవ్వ వెల్లకిలా పడిందో బోర్లా పడిందో తాకితే తెలుస్తుంది. చింతపిక్కలైతే ఒకవైపు అరగదీస్తారు, అదీ వేలికి తెలుస్తుంది. మా నానమ్మ నాతో గంటల తరబడి వామనగుంటలు ఆడేది, 14 గుంటలు, గింజలు ఒక్కొక్కటీ వేళ్లతో లెక్కపెట్టుకుంటూ పోవడమే. నా కోసం ఆవిడ ఏదీ మార్చలేదు, మార్చాల్సిన అవసరమే రాలేదు. చాలాసార్లు నేనే గెలిచేవాణ్ణి!

మ్యాప్ సంగతికొస్తే దారి ఎప్పుడో దొరికింది. అంధుల చదరంగం బల్లలో నల్ల గడులు కొంచెం ఎత్తుగా ఉంటాయి, ప్రతి గడికీ రంధ్రం ఉంటుంది, పావు కింద ఉన్న మేకు అందులో దిగుతుంది, తడిమినా పడిపోదు. ఎత్తు వేసినవాళ్లు గడి పేరు పైకి చెప్తారు. ఫాంటసీ ఆట మ్యాప్ కూడా అలాగే చేయొచ్చు, గోడలున్న చోట దారం అంటించినా చాలు. "అక్కడ" అనే మాట మానేసి "సి-4లో ఉన్నాడు" అంటే చూపున్నవాళ్లకూ తికమక ఉండదు.

పాత్రలు వాడే మంత్రాలూ వాటి వివరాలూ రాసి ఉండే కార్డులు కష్టం, అది ఒప్పుకుంటాను. మామూలు పేక ముక్క మీద బ్రెయిలీ వరుసకు తొమ్మిది, పది అక్షరాలు, మహా అయితే ఎనిమిది వరుసలు పడతాయి, మంత్రం మొత్తం అందులో పట్టదు. కార్డు మూల ఒక చిన్న గుర్తు ఇచ్చి, వివరం ఫోన్‌లో ఇయర్‌ఫోన్‌తో వినేలా పెట్టండి, రహస్య కార్డు రహస్యంగానే ఉంటుంది. మధ్యలో చూపు పోయి బ్రెయిలీ రానివాళ్లకూ అదే దారి. రూల్స్ పుస్తకం ఏ ఫోనైనా, కంప్యూటరైనా గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లో ఇవ్వండి, తెలుగులో ఇప్పటికీ చాలామంది పాత ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ పంపుతున్నారు, తెర మీది అక్షరాలు మాకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఏవో పిచ్చి అక్షరాలుగా చదువుతుంది.

"అంధుల ఎడిషన్" అని వేరే పెట్టె మాత్రం వద్దు. నాకు నా ఫ్రెండ్స్‌తో, మా అక్క పిల్లలతో ఆడాలని ఉంది, అందరూ కొనే పెట్టెలోనే ఇవన్నీ ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లే 50 లక్షల మంది, 2016 వికలాంగుల హక్కుల చట్టం వినోదాన్ని కూడా హక్కుల్లో చేర్చింది. మ్యాటెల్ కంపెనీ 2019లో ఊనో అనే కార్డుల ఆటను బ్రెయిలీతో తెచ్చింది, ఒకే పేకతో అందరూ ఆడొచ్చు. మనవాళ్లు చేయలేరని నేను అనుకోను.

తెలుగులో ఇలాంటి ఆట ఎవరైనా తయారు చేస్తుంటే, పెట్టె అచ్చుకు వెళ్లాక కాదు, అట్టముక్కల మీద గీసుకుంటున్నప్పుడే మమ్మల్ని పిలవండి. మా బ్యాచ్‌లో ఐదుగురం ఉన్నాం, ఆదివారాలు ఖాళీయే, వరంగల్ నుంచి హైదరాబాద్ రావడం మాకు కష్టం కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ