కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2024-25)

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో ముందు చెప్పాల్సింది గత సర్వసభ్య సమావేశం సంగతి. బోరు మోటారు రిపేరు ఖర్చు చదువుతుండగా మూడో వీధి పెద్దావిడ లేచి, "బిల్లులేవి బాబూ? అందరి డబ్బు కదా, చూపించండి" అన్నారు. కమిటీలో కొందరం నొచ్చుకున్నాం. జీతం లేకుండా తిరుగుతుంటే ఈ నిలదీత ఏమిటనిపించింది. తీరా ఫైలు తీస్తే రెండు బిల్లులు లేవు. షాపు నుంచి నకళ్లు తెప్పించాం. అప్పట్నుంచి ప్రతి నెలా జమాఖర్చులు గేటు పక్కన బోర్డు మీద పెడుతున్నాం. ఆవిడకు కమిటీ తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

అదే ప్రశ్న ఈసారి మనం బయట అడిగాం. వేసిన ఏడాదికే పెచ్చులూడిన సీసీ రోడ్డు ఎస్టిమేటు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. ఆ హక్కు పౌరులది కాబట్టి సంఘం పేరున కాకుండా కార్యదర్శిగారు తన సొంత పేరున పెట్టారు. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో రావాల్సిన జవాబు మొదటి అప్పీలు వేశాక గానీ రాలేదు. 2005 నాటి ఈ చట్టంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కాగితాలే కాదు, జరిగిన పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా మనకున్నాయి. రిటైరైన ఇంజినీరుగారు, నలుగురు కుర్రాళ్లు టేపు పట్టుకుని విరిగిన అంచుల దగ్గర కొలిచారు. ఎం-బుక్‌లో రాసిన మందం మూడుచోట్ల లేదు. కొలతలు, ఫొటోలు జతచేసి రాసిచ్చాం. రెండో వీధిలో మళ్లీ వేశారు. నాలుగో వీధిది తేలలేదు.

"ఆఫీసు వాళ్లతో గొడవెందుకు, రేపు నల్లా కనెక్షన్‌కి తిప్పుతారు" అని కొందరు టెన్షన్ పడ్డారు. ఆ భయం మాకూ ఉంది. కానీ మనం ఎవరినీ తిట్టలేదు, కొలతలు మాత్రమే రాశాం. 1990లలో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు మస్టర్ రోళ్లు (ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో రాసే హాజరు పట్టీలు) చూపించమని ఊరందరి ముందు అడిగారు. ఈ చట్టం రావడానికి వాళ్ల పోరాటం పెద్ద కారణం. కూలి పోతుందని తెలిసీ వాళ్లు అడిగారు.

మన వైపు లోపం కూడా చెప్పాలి. వానాకాలంలో కాలువ పూడిక తీస్తే వచ్చినవి మన ఇళ్ల ప్లాస్టిక్ కవర్లే. ఓటరు జాబితాలో పేరు లేని యువత కూడా మనలో ఉన్నారు. వాళ్లతో ఓటరు నమోదు దరఖాస్తు, అంటే ఫారం 6 నింపించాం.

నాలుగో వీధి కొలతలు వచ్చే నెల మళ్లీ తీస్తాం. ఆ వీధివాళ్లు దగ్గరుండి చూడాలని మనవి. బిల్లులన్నీ సమావేశం రోజు టేబుల్ మీద ఉంటాయి.