ఆ ఆటకు జెండా పాట లెక్కలు పనికిరావు

అయ్యా,

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ఆన్‌లైన్ ఆటల్లో క్యారెక్టర్ లెవెల్ తొందరగా పెంచుకోవడానికి చిట్కాలంటూ ఒక పేజీ వేశారు. తెలుగు పేపర్లో ఇలాంటివి రావడమే అరుదు కాబట్టి, మా అడ్తి దుకాణంలో ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని మరీ చదివాం. సంతోషమే. కానీ అందులో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆట గురించి రాసిన ముక్క మాత్రం కొత్తగా మొదలుపెట్టే పిల్లలను తిప్పలు పెట్టేలా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నేను ఎనుమాముల మార్కెట్లో గుమస్తాను. ఆ ఆట 2018లో ఫోన్లోకి వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నాను. మిర్చి సీజన్లో తీరిక దొరకదు, సీజన్ అయిపోయాక దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చునేటప్పుడు బాగా దొరుకుతుంది. పెద్ద ఆటగాణ్నని చెప్పుకోను గానీ, తీరిక తక్కువగా ఉన్నవాడు ఎలా ఆడాలో మాత్రం నాకు బాగా తెలుసు.

మీ పేజీలో పెద్ద పట్టిక వేశారు: ఈ పని చేస్తే గంటకు ఇన్ని పాయింట్లు, ఆ పని చేస్తే గంటకు అన్ని పాయింట్లు అని. మా యార్డులో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. వచ్చిన సరుకులో అన్నిటికన్నా మేలైన రాశికి పలికిన ధర అది. తెల్లారి పేపర్లో అదే వస్తుంది. అది చూసి పరకాల నుంచో భూపాలపల్లి నుంచో రైతు బస్తాలేసుకుని వస్తాడు. తీరా అతని కాయలో తేమ ఉంటుంది, రంగు కొంచెం తగ్గి ఉంటుంది, చేతికొచ్చిన తక్ పట్టీలో (అమ్మకం చీటీలో) ధర వేరుగా ఉంటుంది. ఆ గొడవలు తీర్చలేక మా తల ప్రాణం తోకకొస్తుంది. మీ పట్టికలో ఉన్నవి అచ్చంగా జెండా పాట ధరలు. మంచి ఆయుధాలు, మంచి కంప్యూటర్, గంటసేపు తెర మీంచి కన్ను తిప్పకుండా కూర్చునే ఓపిక ఉన్నవాడికి వచ్చే అంకెలు. ఆ ఆటలో కాలం 0.6 సెకన్ల ముక్కలుగా నడుస్తుంది. ఒక్క ముక్క కూడా వృథా పోకుండా నొక్కితేనే ఆ లెక్క తేలుతుంది. సర్వర్లేమో ఎక్కడో దూరాన, మనమేమో ఫోన్ మీద బొటనవేలితో, మధ్యలో సేటు కేక. మనకు ఆ అంకెలో సగం వచ్చినా గొప్పే.

అసలు ముందు చెప్పాల్సింది పాయింట్ల నిచ్చెన ఎలా కట్టారన్నది. దాన్ని మీ విలేకరి వదిలేశారు. ఆ ఆటలో కమ్మరం (స్మితింగ్), తవ్వకం (మైనింగ్) ఇలా ఒక్కో పనికి ఒక్కో లెవెల్ ఉంటుంది. రెండో లెవెల్‌కు 83 పాయింట్లు చాలు. 50వ లెవెల్‌కు 1,01,333 కావాలి. ఆఖరిదైన 99కి 1,30,34,431. అంటే యాభైకి చేరి, సగం దూరం వచ్చేశాననుకున్నవాడు నూటికి ఒక వంతు కూడా రాలేదన్నమాట. సరిగ్గా సగం పాయింట్లు ఎక్కడ పడతాయంటే 92 దగ్గర: 65,17,253. అక్కణ్నుంచి మిగిలిన ఏడు లెవెళ్లకు మళ్లీ అంతా పడాలి. సుమారుగా ప్రతి ఏడు లెవెళ్లకు పాయింట్లు రెట్టింపవుతాయని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇది తెలిసినవాడు అరవై, డెబ్బై దగ్గర టెన్షన్ పడడు. తెలియనివాడు ఆట పాడైపోయిందనుకుంటాడు.

నిచ్చెన అలా ఉంది కాబట్టే క్వెస్టులు, అంటే ఆట మనకు ఒప్పజెప్పే కథల్లాంటి పనులు, ముందు చేయాలంటాను. క్వెస్టు పూర్తి చేస్తే ఇచ్చే పాయింట్లు అందరికీ ఒకటే. నైట్స్ స్వోర్డ్ అనే క్వెస్టు స్మితింగ్‌లో 12,725 పాయింట్లు ఇస్తుంది. ఒకటో లెవెల్ వాడు చేస్తే ఒక్క దెబ్బకు 29కి వెళ్తాడు. అదే క్వెస్టు అరవయ్యో లెవెల్ వాడు చేస్తే ఇంకో లెవెల్ కూడా ఎక్కడు. ఉచితంగా ఆడేవాళ్లకు కూడా ఈ క్వెస్టు ఉంది. మీ పేజీలో దాని పేరే లేదు. పైగా, బ్రాంజ్ కడ్డీలు చేసుకుంటూ సాధన చేయమన్నారు.

నైట్స్ స్వోర్డ్‌కు మైనింగ్ 10వ లెవెల్ ఉండాలి. అది కూడా కష్టపడి తవ్వక్కర్లేదు. ఫాలడార్ ఊరికి ఉత్తరాన డోరిక్ అనే పొట్టివాడు ఉంటాడు. ఆరు మట్టి ముద్దలు, నాలుగు రాగి ముడి, రెండు ఇనుప ముడి తెచ్చిపెడితే 1,300 మైనింగ్ పాయింట్లు ఇస్తాడు. ఒకటి నుంచి సరాసరి 10. సరుకు నువ్వే తవ్వావా, ఆటలోని సంత అయిన గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో కొన్నావా అని అడగడు. అలా డోరిక్ దగ్గర పది చేసుకుని నైట్స్ స్వోర్డ్‌కు వెళ్లాలి. అక్కడ మనకు కావాల్సిన కత్తి చేసిపెట్టే థర్గో అనే ఇంకో పొట్టి కమ్మరి ఉంటాడు. రెడ్‌బెర్రీ పై అనే పండ్ల రొట్టె చేతిలో పెట్టందే మనిషి నోరు విప్పడు. పని కావాలంటే ముందు చేయి తడపాలన్నది ఆ లోకంలో కూడా ఉన్నట్టుంది. రొట్టె తిన్నాక కత్తి చిత్రం అడుగుతాడు, తర్వాత రెండు ఇనుప కడ్డీలు, ఒక బ్లూరైట్ ముడి అడుగుతాడు. ఆ బ్లూరైట్ మంచు గుహలో ఉంటుంది. అక్కడి మంచు రాక్షసులతో కొత్తవాడు తలపడకూడదు, పరుగెత్తుకుంటూ వెళ్లి ఒక్క ముక్క తవ్వుకుని రావాలి. తినడానికి ఏమన్నా సంచిలో పెట్టుకుని మరీ వెళ్లాలి. ఇంతా చేస్తే 29. ఇంకొక్క లెవెల్ పెంచుకుంటే ఉక్కు కడ్డీలు చేసుకోవచ్చు.

యుద్ధం సంగతి కూడా ఇంతే. లంబ్రిడ్జ్ అనే ఊరి పక్కన పొలంలో ఆవులను కొట్టమని అందరూ చెబుతారు, మీరూ చెప్పారు. తప్పేం కాదు. ఒక్కో ఆవుకు ప్రాణం 8, ఒక్కో దెబ్బ పాయింటుకు 4 చొప్పున 32 వస్తాయి, తోలు అమ్ముకోవచ్చు. మా అమ్మ మాత్రం ఒకసారి ఫోన్లోకి తొంగిచూసి, "ఆవులనా కొడుతున్నవురా, పాపం తగుల్తది" అంది. అప్పట్నుంచి ఇంట్లో ఉన్నప్పుడు గోబ్లిన్లనే చిన్న రాక్షసులతో సరిపెట్టుకుంటున్నాను. సరే, విషయానికొస్తే, వాంపైర్ స్లేయర్ అనే చిన్న క్వెస్టు ఒక్కటి అటాక్‌లో (దెబ్బ గురి తప్పకుండా కొట్టే నేర్పులో) 4,825 పాయింట్లు ఇస్తుంది. నూట యాభై ఆవులను కొడితే వచ్చేంత. ఒకటి నుంచి 20. దీంట్లో ఒక రక్తపిశాచిని చంపాలి, వాడి గుండెలో దించే మేకు ఇచ్చే డాక్టరుగారికి ఇక్కడ కూడా ముందు బీరు పోయించాలి. డ్రేనార్ బంగ్లా కింద ఉండే ఆ రక్తపిశాచిది 34వ లెవెల్, కొత్తవాణ్ని నాలుగు దెబ్బల్లో పడుకోబెట్టగలడు. సంచిలో వెల్లుల్లి ఉంటే వాడి బలం తగ్గుతుంది. మేకు, సుత్తి రెండూ ఉండాలి, సుత్తి మరిచిపోయి వెళ్లేవాళ్లే ఎక్కువ. వండిన ట్రౌట్ చేపలు నిండా తీసుకుపోతే గట్టెక్కుతారు.

అటాక్ 20 అయితే మిత్రిల్ అనే లోహంతో చేసిన ఆయుధం పట్టుకోవచ్చు. ఇక్కడే మా బామ్మర్ది లాంటివాళ్లు ఆగిపోతారు. వాడు ఉన్న డబ్బంతా పెట్టి రెండు చేతులతో పట్టే పెద్ద కత్తి కొన్నాడు. చూడటానికి భలే ఉంటుంది. నేను పక్కన కూర్చుని చూశాను. కత్తి పైకెత్తుతాడు, దించుతాడు, మళ్లీ ఎత్తడానికి ఒక యుగం. ఆ కత్తి 4.2 సెకన్లకు ఒకసారి కొడుతుంది. వంపు తిరిగి ఉండే సిమిటర్ 2.4 సెకన్లకే కొడుతుంది. వాడు ఒక దెబ్బ గురి తప్పాడంటే, రెండో దెబ్బ పడేలోపు గోబ్లిన్ వాణ్ని రెండుసార్లు గీకేస్తోంది. మిత్రిల్ సిమిటర్ కొనిపించాక వాడి ముఖం చూడాల్సింది. కొత్తవాళ్లకు ఆయుధం విషయంలో నేను చెప్పేది ఇదే: 20కి మిత్రిల్, 30కి అడమంట్, 40కి రూన్. ఈ మెట్లు ఎక్కడానికే అటాక్ పెంచాలి, మధ్యలో మిగిలిన సమయం స్ట్రెంత్ (బలం) మీద పెట్టాలి. స్ట్రెంత్ పెరిగితే దెబ్బ బరువు పెరుగుతుంది, దెబ్బ బరువు పెరిగితే పాయింట్లు వేగంగా వస్తాయి. దెబ్బ కాచుకునే డిఫెన్స్‌కు తొందర లేదు.

చేపల గురించి మీరు రాసింది చదివి నవ్వొచ్చింది. పట్టిన చేపలన్నీ బ్యాంకులో దాచుకోమన్నారు. సంచిలో 28 గడులు. బార్బేరియన్ విలేజ్ దగ్గర నదిలో ట్రౌట్‌కు 50 పాయింట్లు, సాల్మన్‌కు 70. సంచి నిండిన ప్రతిసారీ ఎడ్జ్‌విల్ బ్యాంకుకు నడిచి వెళ్లి వస్తే, ఆ నడిచే సమయమంతా ఒక్క పాయింటు రాదు. లెవెల్ కావాలనుకున్నవాడు చేపలన్నీ అక్కడే పడేసి మళ్లీ గాలం వేస్తాడు. నా వృత్తి అలాంటిది కాబట్టి సరుకు పారేయాలంటే మొదట్లో చేయి రాలేదు. కానీ పక్కనే ఎప్పుడూ ఆరని మంట ఒకటి ఉంటుంది. దాని మీద వండి, ఆ తర్వాత పడేస్తే కుకింగ్ కూడా పెరుగుతుంది. నాకు అది మధ్యేమార్గంగా కుదిరింది. గంటకు ఫిషింగ్ పాయింట్లు తగ్గుతాయి నిజమే, ఒప్పుకుంటాను. డ్రేనార్ బ్యాంకు పక్కన విల్లో చెట్లు కొట్టడం కూడా నాలాంటివాళ్లకు బాగుంటుంది. చెట్లు కొట్టే పనిలో 30వ లెవెల్‌కు ఆ చెట్లు తెరుచుకుంటాయి, ఒక్కసారి నొక్కితే కాసేపు తెర మీది మన మనిషి వాడంతట వాడే కొట్టుకుంటాడు, ఈలోపు ఇక్కడ కాంటా చూసుకోవచ్చు. పట్టికల్లో ఈ పని కింద ఎక్కడో ఉంటుంది. అయినా పట్టికలో మొదటి వరసలో ఉన్న పని కన్నా నాకు లెవెళ్లు దీంట్లోనే ఎక్కువ వచ్చాయి, ఎందుకంటే దీన్ని రోజూ చేయగలిగాను.

ఇంకొకటి. "సమయం లేనివారు అనుభవజ్ఞుల సాయం తీసుకోవచ్చు" అని ఒక వాక్యం రాశారు చూడండి, అది మాత్రం రాయకుండా ఉండాల్సింది. మా వీధిలో ఇంటర్ చదివే అబ్బాయి ఫోన్లో పరిచయమైన ఎవరికో రెండు వేలు పంపి, పాస్‌వర్డ్ కూడా ఇచ్చేశాడు, పది రోజుల్లో లెవెల్ పెంచి ఇస్తామన్నారని. వాళ్లు మనిషితో ఆడించలేదు, ప్రోగ్రాం పెట్టి ఆడించారు. అకౌంటు బ్యాన్ అయింది, అంతకుముందు వాడు సొంతంగా ఆడుకున్నది కూడా దాంతోపాటే పోయింది. ఖాతా ఇంకొకరికి ఇవ్వడం, అసలు డబ్బుతో ఆటలోని బంగారం కొనడం ఈ రెండూ ఆ ఆట నడిపే జాగెక్స్ కంపెనీ నిబంధనలకు విరుద్ధం. డబ్బు పెట్టి ఆటలో బంగారం కావాలనుకుంటే నిబంధనల ప్రకారం ఉన్న దారి బాండ్ అనే కూపన్ ఒక్కటే. కంపెనీ దగ్గర డబ్బుతో కొనుక్కోవచ్చు, లేదా ఆటలో సంపాదించిన బంగారంతోనే గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో కొనుక్కుని, మామూలుగా డబ్బు కట్టాల్సిన సభ్యత్వాన్ని దాంతో 14 రోజులకు చేసుకోవచ్చు. వాళ్ల నాన్నకు ఇదంతా చెప్పబోతే, "ఇదీ రమ్మీ లాంటిదేగా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఫోన్లో ఆట అంటే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది అదే. డబ్బు పెట్టి ఆడే రమ్మీని మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. పందెం లేని ఈ ఆటలు వేరు అని మీలాంటి పేపర్లు రెండు ముక్కలు రాస్తే, ఇళ్లలో సగం గొడవలు తగ్గుతాయి.

చివరగా ఒక సవరణ. వాటర్‌ఫాల్ క్వెస్టు చేస్తే అటాక్, స్ట్రెంత్ రెండూ ఒకటి నుంచి 30కి వెళ్తాయని రాశారు. నిజమే, ఒక్కోదానికి 13,750 పాయింట్లు ఇస్తుంది, అందులో ఎవర్నీ చంపక్కర్లేదు కూడా. కానీ అది సభ్యత్వం ఉన్నవాళ్లకే. మా బామ్మర్ది మీ పేజీ పట్టుకుని ఉచిత ప్రపంచంలో ఆ జలపాతం కోసం రాత్రంతా వెతికాడు. ఈసారి ఇలాంటి పేజీ వేసేటప్పుడు ఏది ఉచితం, ఏది సభ్యులకు అన్నది ఒక్కోదాని పక్కన వేయించగలరు. వాడు ఇంకా మీ మీద కోపంగానే ఉన్నాడు.

ఇట్లు,
ఒక అడ్తి గుమస్తా,
దేశాయిపేట, వరంగల్