లిలీ ఎల్సీకి ఒక్క ఫొటో చాలదు

సంపాదకుడు గారికి,

పాతకాలపు లండన్ నటీమణులపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. లిలీ ఎల్సీకి అందులో దక్కింది ఒక ఫొటో, కింద ‘అందాల తార’ అన్న ముక్క. బాధేసింది.

1886లో పుట్టిన ఆమె పసితనంలోనే ‘లిటిల్ ఎల్సీ’గా స్టేజీ ఎక్కారు. 1907 జూన్‌లో డేలీస్ థియేటర్‌లో ‘ది మెరీ విడో’ అనే సంగీత నాటకం మొదలయ్యేనాటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్లు. అందులో నాయిక సోనియా పాత్రకు తన గొంతు చాలదని భయపడితే, నిర్మాత జార్జ్ ఎడ్వర్డ్స్ పట్టుబట్టి ఒప్పించారు. ఆ నాటకం ఏకంగా 778 ప్రదర్శనలు ఆడింది! ఫ్యాషన్ డిజైనర్ లూసిల్ రూపొందించిన వెడల్పాటి ఈకల టోపీ ఆమె తలపై చూసి, ఆడవాళ్లు అలాంటివే కావాలని ఎగబడ్డారు.

అంత పేరొచ్చినా ఆమెది బిడియపడే స్వభావం. పైగా ఆరోగ్యం అంతంతమాత్రం. 1911లో పెళ్లి చేసుకుని రంగస్థలానికి దూరమయ్యారు, తర్వాత కనిపించింది అరుదుగానే. 1930లో విడాకులు. మానసిక అనారోగ్యంతో చివరి ఏళ్లు చాలావరకు ఆసుపత్రుల్లోనే గడిచాయి. 1962లో కన్నుమూశారు.

వేల పోస్టుకార్డులపై అచ్చయిన ఆ నవ్వు వెనక ఇంత శ్రమ, ఇంత టెన్షన్ ఉన్నాయి. దయచేసి ఆమె జీవితంపై ఒక పూర్తి పేజీ కేటాయించండి.

– ఒక పాఠకురాలు, విజయవాడ